నాయనమ్మ కరెంటు చెంబు

చేతిలో పట్టా, మాటలో పొగరు, పనిముట్టు పట్టడం తెలియని వేళ్ళు, ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి ఉండే వయసొకటి ఉంటుంది. నాకది ఇరవై రెండో ఏట వచ్చింది. ఓ వారం పాటు బాగా వెలిగి, తిరువూరులో మా ఇంటి వసారాలో పదిమందీ చూస్తుండగా ఆరిపోయింది. (పదిమంది కాదు, నలుగురే. కానీ పరువు పోయేటప్పుడు ఎవరికైనా లెక్క అలాగే కనిపిస్తుంది.) ఇదంతా జరిగి ఒక పుష్కరం దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పుకుని నవ్వుకుంటున్నాను. అప్పట్లో మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎవరైనా నవ్వితే వాళ్ళని కొరకాలనిపించేది.

అప్పుడే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి ఇంటికొచ్చాను. నాలుగేళ్ళలో ఏం నేర్చుకున్నావని నిజాయితీగా అడిగితే, ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మని రంగు పెన్సిళ్ళతో అందంగా వెయ్యడం నేర్చుకున్నాను. ల్యాబులో బల్లకి నలుగురం ఉండేవాళ్ళం. ఒకడు వైర్లు కలిపేవాడు, ఇంకొకడు మీటరు చూసి అంకెలు చదివేవాడు, ఒకమ్మాయి షాకు కొడుతుందేమోనని దూరంగా నిలబడి మా అందరికీ ధైర్యం చెప్పేది. నా చేతిరాత బాగుంటుంది కాబట్టి నేను రికార్డు రాసేదాన్ని. రికార్డుకి ఎప్పుడూ పదికి పది వచ్చేవి. వైరు పట్టుకున్నది ఎవరని ఏ మాస్టారూ అడగలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు. ఇంట్లోవాళ్ళకి ఈ సంగతి తెలియదు. నేను కరెంటు మొత్తాన్నీ చదివేసి వచ్చానని వాళ్ళ నమ్మకం. వీధిలో కరెంటు పోతే నాయనమ్మ ముందు నా దగ్గరికే వచ్చేది. "ఏమే, మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగేది. "ఒక పావుగంట" అనేదాన్ని గంభీరంగా. పావుగంటకి వస్తే నా గొప్ప, రాకపోతే కరెంటు ఆఫీసువాళ్ళ తప్పు.

అంతా సాఫీగానే సాగుతుండగా హైదరాబాదు నుంచి నాకో ఉత్తరం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే ఒక కంపెనీలో ట్రైనీ ఉద్యోగం, పదిహేను రోజుల్లో వచ్చి చేరమన్నారు. ఆ ఉత్తరం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ ఒంట్లో ఎక్కడో ఉంది. రాత్రీ పగలూ దాన్నే చదివేదాన్ని. అందులో నా పేరుకి ముందు 'మిస్' అని ఉందని, అది కూడా అమ్మకి ముప్ఫైసార్లు చూపించాను. కానీ మా నాన్న దాన్ని ఒక్కసారే చదివి, మడిచి, ఫ్రిజ్ మీద పెట్టి, "అన్నయ్యని అడుగుదాం" అన్నాడు. మా నాన్న చాలా మంచివాడు. రెడ్డిగూడెం వైపు మా మామిడితోటలో ఏ చెట్టు ఎప్పుడు కాపుకొస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తోట దాటి ఇవతలికొస్తే మాత్రం ఏ నిర్ణయమైనా పెనుగొలనులో ఉండే మా పెదనాన్న తీసుకోవాల్సిందే. ఆయన్ని మేం పిల్లలం చాటుగా 'కోర్టు పెదనాన్న' అనేవాళ్ళం. ఆయన ఏనాడూ కోర్టు మెట్లెక్కలేదు గానీ, ఇవాళ వంకాయ వండాలా బెండకాయ వండాలా అన్నా సరే, రెండు వైపులా విని, తల పంకించి, సాయంత్రానికి వాయిదా వేసేవాడు.

మా కెటిల్ సరిగ్గా ఈ సమయంలో చెడింది. అది పేరుకి ఇంటిదే అయినా అసలు నాయనమ్మది. తెల్లారుజామునే లేచి, గుక్కెడు వేడినీళ్ళు తాగితే తప్ప ఆవిడకి గొంతు పెగలదు. ఆ కెటిల్ వచ్చాకే అమ్మకి ఆరుగంటల దాకా నిద్రపోయే యోగం పట్టింది. నాయనమ్మ దాన్ని 'కరెంటు చెంబు' అనేది, అది కూర్చునే గుండ్రటి అడుగుభాగాన్ని 'పీట' అనేది. ఆ ఏడు దసరా మంగళవారం వచ్చింది. బుధవారం పొద్దున నాన్న పెదనాన్నకి ఫోను చేసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి, నా ఉద్యోగం సంగతి మొదలుపెట్టాడు. అవతల పెదనాన్న "ఆడపిల్ల... హైదరాబాదు... పైగా కరెంటు పని..." అని ఒక్కో మాటనీ తూకం వేస్తున్నాడు. అప్పుడే నాయనమ్మ వంటింట్లోంచి కెటిల్ పట్టుకొచ్చి, "ఏమే ఇంజనీరూ, నా కరెంటు చెంబు చచ్చిందే. ఎంతసేపు పెట్టినా నీళ్ళు మంచులా ఉన్నాయి, లైటు కూడా రావట్లేదు" అంది.

ఆ మాట ఫోనులో అవతలికీ వినపడింది. తర్వాత పెదనాన్న గొంతు. "ఏరా తమ్ముడూ, నాలుగేళ్ళు కరెంటు చదివించావు కదా, ఆ చెంబుని పిల్లనే బాగుచెయ్యమను. కొట్లో ఇవ్వటానికి వీల్లేదు. ఆదివారం నేనొస్తా. ఆ చెంబులో కాగిన నీళ్ళతో నాకు టీ ఇచ్చిందా, హైదరాబాదు పంపుదాం. లేదూ, ఇంట్లోనే కూర్చుని బ్యాంకు పరీక్షలకి చదువుకోమను."

"అలాగే పెదనాన్నా!" అని అరిచాను. (అంత త్వరగా ఒప్పుకున్నానంటే నా పొగరు ఎంతటిదో అర్థం చేసుకోండి. స్క్రూడ్రైవర్‌ని ఏ కొసన పట్టుకోవాలో కూడా అప్పటికి నేను చూసి నేర్చుకోవాల్సిందే.) ఫోను పెట్టేశాక అమ్మ, "బస్టాండు దగ్గర కొట్లో ఇస్తే అరగంటలో చేసిస్తాడు కదే, ఎందుకొచ్చిన గోల" అంది. నాన్న మాత్రం, "అన్నయ్య వద్దన్నాడుగా" అని తువ్వాలు భుజాన వేసుకుని తోటకి బయల్దేరబోయాడు.

ఆయన గడప దాటకముందే నేను పని మొదలుపెట్టాను. ముందు ప్లగ్గులో కరెంటు ఉందో లేదో చూడాలి. అది మా పుస్తకంలోనే ఉంది. కెటిల్ తీసేసి అదే ప్లగ్గుకి మిక్సీ తగిలించి స్విచ్చు వేశాను. మిక్సీ బ్రహ్మాండంగా తిరిగింది. అందులో అమ్మ కొబ్బరి చట్నీ సగం రుబ్బి ఉంచిందనీ, మూత పెట్టలేదనీ నాకు తెలియదు. మొదటి పరీక్ష ఫలితం ఇలా తేలింది: ప్లగ్గులో కరెంటు ఉంది, నాన్న తెల్లచొక్కా మీద చట్నీ ఉంది. ఆయన చొక్కా మార్చుకుని వెళ్ళిపోయాడు. నాయనమ్మ మాత్రం పక్కనే కూర్చుని సలహాలు ఇస్తూనే ఉంది. "కుళాయి నీళ్ళు పడలేదేమో, బోరు నీళ్ళు పోసి చూడవే" అంది. పోసి చూశాను. ఏం చెయ్యను, నాకూ అంతకంటే మంచి ఆలోచన ఏదీ రాలేదు.

గురువారం బజారుకెళ్ళి స్క్రూడ్రైవర్ అడిగాను. "ఏ సైజమ్మా?" అన్నాడు కొట్టతను. "స్క్రూ సైజు" అన్నాను. అతను నా మొహం ఒకసారి చూసి, ఆరు స్క్రూడ్రైవర్లున్న డబ్బా చేతిలో పెట్టాడు. దాంతోపాటు కరెంటు పారే దారి ఎక్కడ తెగిందో చూపించే మల్టీమీటరు కూడా ఒకటి కొన్నాను. అది పట్టుకుంటే ఎవరైనా పని తెలిసినవాళ్ళలా కనిపిస్తారు. ఇంటికొచ్చి వసారాలో పాత పేపరు పరిచి, కెటిల్‌ని మెత్తటి గుడ్డమీద బోర్లించి, విప్పడం మొదలుపెట్టాను. ఒక్కో ముక్కా బయటికి తియ్యడం, అది ఎక్కడిదో నోటుపుస్తకంలో బొమ్మ వెయ్యడం. ఎర్ర వైరుకి ఎరుపు, నల్ల వైరుకి నలుపు, తిన్నగా గీతలు, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలు. సాయంత్రానికి కెటిల్ మొత్తం ముక్కలైంది, బొమ్మ మాత్రం గోడకి తగిలించుకునేలా కుదిరింది. అమ్మ వచ్చి చూసి, "బొమ్మ బాగుందే. కెటిల్ ఏదీ?" అంది. లోపల కాయిలుకి మీటరు పెడితే బాగానే ఉందంది. స్విచ్చు బాగుంది. వేడెక్కగానే తనంతట తానే ఆపేసే రేకు బాగుంది. అన్నీ బాగున్నాయి కాబట్టి అన్నీ మళ్ళీ బిగించి, నీళ్ళు పోసి, స్విచ్చు వేశాను. చల్లగానే ఉన్నాయి. శుక్రవారం పొద్దున ఇంకోసారి విప్పి, ఇంకో బొమ్మ వేసి, ఇంకోసారి బిగించాను. నీళ్ళు ఇంకాస్త చల్లబడ్డాయని నాయనమ్మ అంది.

ఇక లాభం లేదని మధ్యాహ్నం కెటిల్ ఇంట్లోనే వదిలేసి, బస్టాండు దగ్గర మిక్సీలు బాగుచేసే ఆయన దగ్గరికెళ్ళాను. (కొట్లో ఇవ్వొద్దన్నారు గానీ అడగొద్దనలేదు కదా. పెదనాన్న ఇంటి పిల్లని, ఆ మాత్రం వాదన నాకూ తెలుసు.) ఆయన్ని ఊళ్ళో 'పొగ మాస్టారు' అంటారు. ఆయన బాగుచేసిన వస్తువు మొదటిసారి వెయ్యగానే కాసింత పొగ వదిలిగానీ పనిచెయ్యదు. నేను నా బొమ్మలు రెండూ ఆయన ముందు పరిచి, చేసిన పరీక్షలన్నీ అప్పజెప్పాను. ఆయన గ్రైండర్ లోంచి తల ఎత్తకుండా విని, "కాయిలు బాగుంది, స్విచ్చు బాగుంది, వైరు బాగుంది అంటున్నావు. మరి బాగాలేనిది ఏంటమ్మా?" అన్నాడు.

"అదే తెలియట్లేదండి."

"కింది ప్లేటులోంచి కెటిల్‌లోకి కరెంటు ఎక్కుతోందా చూశావా? రెండూ కలిసే చోట?"

చూడలేదు. బొమ్మలో కూడా ఆ చోటు ఒట్టి గుండ్రం సున్నాగా గీసి వదిలేశాను. ఒక్క పరుగున ఇంటికొచ్చి, పెరట్లో అరుగుమీద కూర్చుని కెటిల్ బోర్లించాను. అడుగున మధ్యలో గుంట, ఆ గుంటలో చిన్న మేకులాంటి ముక్క, చుట్టూ రింగు. మీటరు సూది ఆ ముక్కకి ఆనించాను. మీటరు కిమ్మనలేదు. సూది కాస్త గట్టిగా నొక్కి తీసి చూస్తే, దాని కొసకి ఎర్రగా, పసుపుగా పొడి అంటుకుని ఉంది. వాసన చూశాను. గంధం.

అప్పుడు నాకు మంగళవారం గుర్తొచ్చింది. దసరా నాడు మా ఇంట్లో ఆయుధపూజకి తోటలో మందుకొట్టే యంత్రం దగ్గర్నుంచి వంటింట్లో మిక్సీ దాకా అన్నిటికీ గంధం రాసి కుంకుమ బొట్టు పెడతాం. కెటిల్‌కి బయట పెట్టిన బొట్టు మర్నాడు కడగ్గానే పోతోందని ప్రతి ఏడూ నాయనమ్మకి బాధ. ఈసారి ఆ బాధ నేను తీర్చాను. "ఉండు నాయనమ్మా, దీని ప్రాణం ఎక్కడుంటుందో నాకు తెలుసు. అక్కడ పెడితే ఎప్పటికీ చెరగదు" అని, ఇంజనీరింగ్ చదివిన వేలితో, ముద్దగా తీసిన గంధాన్ని ఆ గుంటలో కూరి, పైన ఇంత కుంకుమ అద్దాను. నిజంగానే చెరగలేదు. ఎండి పెంకు కట్టింది. ఈ మూడు రోజుల్లో కెటిల్‌ని ఎన్నిసార్లు బోర్లించానో, అన్నిసార్లూ ఆ బొట్టు నా కళ్ళముందే ఉంది. అయినా నాకది కనిపించలేదు. మా ఇంట్లో బొట్టున్న వస్తువుని ఎవరూ వింతగా చూడరు. అంతెందుకు, స్క్రూలు విప్పేటప్పుడు అది చెరగకూడదని భక్తిగా వేలు పక్కకి జరుపుకున్నాను కూడా.

అగ్గిపుల్లతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, పీటమీద పెట్టాను. ఎర్రలైటు వెలిగింది. రెండు నిమిషాల్లో నీళ్ళు గుసగుసలాడడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు వింటూ నేను నవ్వానో ఏడ్చానో తెలియదు. ఆరు స్క్రూడ్రైవర్లు, రెండు రంగుల బొమ్మలు, ఒక చొక్కా, తీరా చూస్తే మందు ఒక గుడ్డముక్క. ఉన్నది ఉన్నట్టు అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. కానీ సాయంత్రం నాన్న తోటనుంచి వచ్చి, పొగలు కక్కుతున్న కెటిల్ చూసి, "ఏమైందమ్మా దీనికి?" అని కళ్ళు పెద్దవి చేసుకుని అడిగాడు. నా నోరు నా మాట వినలేదు. "థర్మోస్టాట్ దగ్గర ఆక్సిడేషన్ నాన్నా. దానివల్ల కాంటాక్ట్ రెసిస్టెన్స్ పెరిగింది. తగ్గించాను" అన్నాను. నాన్న ఆ రాత్రి భోజనం చేస్తూ కూడా నావైపు చూస్తూనే ఉన్నాడు. మర్నాడు వీధిలో ఎవరు కనిపించినా, "మా కెటిల్‌కి ఏదో పెరిగిందంట. మా అమ్మాయి తగ్గించింది" అని, బీపీ సంగతి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. వింటుంటే నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం సాయంత్రం పెదనాన్న ఇస్త్రీ పంచెలో వచ్చి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు, స్టూలు మీద కెటిల్, లోపలినుంచి లాగిన వైరు. అమ్మ టీపొడి, పంచదార, పాలు పళ్ళెంలో సర్దుకుని నిలబడింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. నేను నిండుగా నీళ్ళు పోసి, కెటిల్‌ని పీటమీద పెట్టి, అందరివైపూ ఒకసారి చూసి, స్విచ్చు నొక్కాను.

లైటు రాలేదు. మళ్ళీ నొక్కాను. రాలేదు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి కరెంటు పోలేదు. "తగ్గించింది మళ్ళీ పెరిగిందేమో" అన్నాడు నాన్న చిన్నగా. పెదనాన్న తల పంకిస్తూ, "వాయిదా వేద్దామంటావా అమ్మాయ్?" అన్నాడు. హైదరాబాదు బస్సు నా కళ్ళముందే కదిలి వెళ్ళిపోతున్నట్టనిపించి, కంగారులో కెటిల్ పట్టుకుని, అడుగున ఏముందో చూద్దామని ఉన్నపళంగా తలకిందులు చేశాను. అందులో నీళ్ళున్న సంగతి మర్చిపోయాను. అవన్నీ పెదనాన్న పంచెమీద పడ్డాయి. ఆయన కుర్చీతో సహా పైకి లేచాడు. ఆ కెటిల్ వేడెక్కకపోవడం వల్ల లోకానికి ఏదైనా మేలు జరిగిందంటే అదొక్కటే.

అడుగున, ఆ గుంట నిండా, కొత్త గంధం. దానిమీద రూపాయి బిళ్ళంత కుంకుమ.

"అయ్యో, బొట్టు చెరపమాకే!" అంది నాయనమ్మ. "పొద్దున నీళ్ళు తాగాక కడిగి బోర్లిస్తే, బొట్టు లేక బోసిగా ఉంది. నువ్వు పెట్టిన చోటే మళ్ళీ పెట్టా. ఇవాళ నీకు పెద్ద రోజు కదా, దిష్టి తగలకూడదని కాస్త ఎక్కువే పెట్టా."

పెదనాన్న తడి పంచె పిండుకుంటూ ఆవిడవైపు తిరిగాడు. "ఏంటమ్మా నువ్వు! పిల్ల కష్టపడి బాగుచేస్తే నువ్వు వేలు పెట్టి పాడుచేస్తావా? దాని ఉద్యోగం దీనిమీద ఉందని తెలియదా?" నాయనమ్మ మొహం చిన్నబోయింది. "నా వల్ల పిల్ల ప్రయాణం ఆగుతుందా?" అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఊరుకుంటే చాలు. ఆక్సిడేషన్ అలాగే ఉంటుంది, నాన్న వీధిలో చెప్పుకున్న మాట నిలబడుతుంది, తప్పు నాయనమ్మ ఖాతాలో పడుతుంది. కానీ ఆవిడ కళ్ళు చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"నాయనమ్మ తప్పేం లేదు పెదనాన్నా. దసరా నాడు మొదట అక్కడ బొట్టు పెట్టింది నేనే. దానివల్లే ఆగిపోయింది. శుక్రవారం తుడిచాను, పనిచేసింది. ఆక్సిడేషన్ లేదు, ఏమీ లేదు. ఊరికే అన్నాను."

నాన్న నేలవైపు చూశాడు. నాకు ఆ చూపుకంటే చెంపదెబ్బ మేలనిపించింది. పెదనాన్న మళ్ళీ కుర్చీలో కూర్చుని విచారణ మొదలుపెట్టాడు.

"అంటే చెంబు పాడవ్వలేదు."

"లేదు."

"నువ్వు బాగుచెయ్యనూ లేదు."

"లేదు పెదనాన్నా."

"మరి మూడు రోజులు ఏం చేశావు?"

"విప్పాను. రెండుసార్లు."

"మొత్తమా? బిగించింది ఎవరు?"

"నేనే." నోటుపుస్తకం తెచ్చి చూపించాను. ఆయన రెండు బొమ్మల్నీ దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. ఈలోగా అమ్మ గుడ్డతో గంధం తుడిచి, నీళ్ళు పోసి, స్విచ్చు నొక్కింది. ఎర్రలైటు వెలిగింది. కాసేపటికి నీళ్ళు కాగే చప్పుడు మొదలైంది.

"మా బోరు మోటారు విప్పిన ప్రతి మెకానిక్కూ" అన్నాడు పెదనాన్న, ఆవిరివైపు చూస్తూ, "బిగించాక రెండు స్క్రూలు నా చేతిలో పెట్టి, ఇవి అక్కర్లేదండీ, ఎక్కువైనియ్యి అంటాడు. ఇప్పటికి ఆ మోటారు సగం మా గూట్లోనే ఉంది. నీకు స్క్రూలేమైనా మిగిలినియ్యా అమ్మాయ్?"

"లేదు పెదనాన్నా."

"ఒక్కటీ?"

"ఒక్కటీ."

ఆయన చాలాసేపు తల పంకించాడు. "పంపించరా తమ్ముడూ" అన్నాడు చివరికి. "కరెంటు పని ఆ కంపెనీవాళ్ళే నేర్పుకుంటారు." నాన్న లేచి లోపలికెళ్ళి, ఫ్రిజ్ మీది ఉత్తరం తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి చదివాడు. నాయనమ్మ నా పక్కకి జరిగి, "మరి బొట్టు ఎక్కడ పెట్టాలే?" అని గుసగుసగా అడిగింది. పిడి చూపించాను.

ఇప్పుడు నేను అదే కంపెనీలో, బయటికెళ్ళే ట్రాన్స్‌ఫార్మర్‌ని ఆఖరిసారి పరీక్షించి సంతకం పెట్టే మనిషిని. సంతకానికి ముందు బోల్టులన్నీ ఒకటికి రెండుసార్లు లెక్కపెడతాను. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు నన్ను చూసి మొహమొహాలు చూసుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళకి కనిపించేది అప్పుడే తల నెరుస్తున్న మేడమ్. నాకు మాత్రం తడి వసారాలో నిలబడ్డ ఆ పొగరుబోతు పిల్ల కనిపిస్తుంది. దాన్ని ఒకసారి దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. ఎందుకంటే పెదనాన్న "ఒక్కటీ?" అని అడుగుతున్నప్పుడు, కెటిల్ అడుగున ఉండాల్సిన ఒక స్క్రూ ఆ పిల్ల చున్నీ కొసన ముడివేసి ఉంది. ఒకే పూట రెండు నిజాలు చెప్పేంత ధైర్యం పాపం ఆ పిల్లకి ఇంకా రాలేదు.